ఆనీ ఆనని సుత్తి

పియానో బాగుచేసే పనివాడు అప్‌రైట్ పియానో ముందుపలక ఊడదీస్తాడు. లోపల సుత్తులన్నీ వరుసగా నిలబడి, కాస్త వెనక్కి వాలి, ఫెల్ట్ అంటించిన ఒక పొడవాటి కర్రకు వీపు ఆనించి ఉంటాయి. వాటిలో ఏ ఒక్కటి వెంట్రుకవాసి ముందుకు జరిగి కనిపించినా అది తప్పే. కింద స్క్రూ తిప్పి, సుత్తి కర్రకు ఆనేదాకా సర్దుతాడు. మర్నాడు అదే మనిషి ఇంకోచోట గ్రాండ్ పియానో విప్పుతాడు. అక్కడ కూడా సుత్తుల కాడల కింద ఫెల్ట్ అంటించిన కర్ర ఒకటి ఈ చివరి నుంచి ఆ చివరికి పరుచుకుని ఉంటుంది. ఇక్కడ మాత్రం ఏ కాడైనా దానికి తగిలి ఉంటే తప్పు. తగలకుండా పైకెత్తుతాడు.

ఆ కర్ర పేరు రెండుచోట్లా ఒకటే, హ్యామర్ రెస్ట్ రైల్. అప్‌రైట్‌లో ఆనకపోతే జబ్బు, గ్రాండ్‌లో ఆనితే జబ్బు. ఈ తిరకాసును పియానో నేర్చుకునేవాళ్లు చాలామంది గమనించరు. గమనించినవాళ్లను మాత్రం అది ఊరికే వదలదు. గ్రాండ్‌లో ఏ సుత్తీ ఆననప్పుడు రైలు అక్కడ దేనికి? అవసరం లేదనుకుంటే ఇన్ని తరాల తయారీదారుల్లో ఎవరో ఒకరు తీసి పక్కన పెట్టకపోయారా? జవాబు ఒకచోట దొరకదు. ఆనవాళ్లను ఒక్కొక్కటే పట్టుకుని వెళ్లాలి.

మొదట బరువు సంగతి చూద్దాం. గ్రాండ్ పియానోలో తీగలు పడుకుని ఉంటాయి. సుత్తి కింది నుంచి లేచి తీగను కొట్టి, తన బరువుతోనే కిందికి దిగుతుంది. ఆ సుత్తి ఊరకే ఉన్నప్పుడు దాన్ని ఎవరు మోస్తున్నారో కిందికి చూసుకుంటూ పోతే తెలుస్తుంది. సుత్తి కాడకు అడుగున, అది తిరిగే కీలుకు దగ్గరగా, తోలు తొడిగిన చిన్న రోలర్ ఉంటుంది. దాన్ని నకిల్ అంటారు. నకిల్ కూర్చునేది రిపిటిషన్ లివర్ అనే సన్నని చెక్క మీటమీద. ఆ లివర్ విప్పెన్ అనే చెక్కమీద అమర్చి ఉంటుంది. విప్పెన్ వచ్చి క్యాప్‌స్టన్ అనే గుండ్రటి తల ఉన్న స్క్రూ మీద కూర్చుంటుంది. ఆ స్క్రూ బిగించింది మనం వేలితో నొక్కే మీట వెనకభాగంలో. మీట వెనక కొస ఫెల్ట్ మీద ఆని ఉంటుంది. అంటే సుత్తి బరువు నకిల్, లివర్, విప్పెన్, స్క్రూ మీదుగా దిగి చివరికి మీట వెనక కొసకు చేరుతోంది.

మీట మధ్యలో ఇరుసు ఉంటుంది, బడి ఆవరణలో పిల్లలు చెరో కొసన కూర్చుని ఊగే బల్లకు ఉన్నట్టే. వెనక బరువుంటే ముందు కొస పైకి లేచి ఉంటుంది. వేలు తీయగానే మీట పైకి రావడానికి ముఖ్యమైన కారణం ఆ సుత్తే. సుత్తి తల బరువెంత? మంద్రస్థాయి వైపు పది గ్రాముల చుట్టుపక్కల, తారస్థాయి చివరకు వెళ్లేసరికి అందులో సగం. కానీ వేలు దాదాపు 10 మిల్లీమీటర్లు దిగితే సుత్తి సుమారు 45 మిల్లీమీటర్లు లేస్తుంది. అదే లెక్క తిరగేస్తే, సుత్తి బరువు వేలి దగ్గరికి వచ్చేసరికి నాలుగైదు రెట్లవుతుంది. అది మరీ ఎక్కువ కాకుండా మీట ముందువైపు చెక్కలో సీసపు బిళ్లలు దిగగొడతారు. ఇలా తూచి తూచి, మెల్లగా నొక్కినప్పుడు సుమారు 50 గ్రాముల బరువు పెడితే మీట దిగేట్టు చేస్తారు.

ఇప్పుడు రైలును కొద్దిగా పైకి జరిపామనుకోండి. కాడ రైలుకు ఆనుతుంది, బరువు రైలు మీదికి పోతుంది. మీట వెనక కొస తేలికైపోతుంది. ముందున్న సీసం తన పని తాను చేస్తూనే ఉంటుంది. వేలు తీసినా మీట బద్ధకంగా లేస్తుంది. వేలు దించినప్పుడు మొదటి కొంత దూరం సుత్తి కదలదు, వేలికింద ఏమీ లేనట్టుంటుంది. పనివాళ్లు దీన్ని లాస్ట్ మోషన్ అంటారు. నొక్కుతున్న మనిషికి, కొట్టబోయే సుత్తికి నడుమ తెగిన దారం అది. గ్రాండ్‌లో కాడ ఎందుకు ఆనకూడదో ఇంతటితో తేలిపోయింది. కానీ రైలు ఎందుకుందో తేలలేదు. అప్‌రైట్‌లో ఎందుకు ఆనాలో అంతకన్నా తేలలేదు.

అప్‌రైట్ వైపు వెళ్దాం. అక్కడ తీగలు నిలువుగా ఉంటాయి కాబట్టి సుత్తి కూడా నిలబడే ఉంటుంది. నిలబడ్డదాని బరువు దాదాపు అంతా దాని కీలు మీదే పడుతుంది, మీటదాకా వచ్చేది కొంచెమే. అందుకే అప్‌రైట్ సుత్తి తన బరువుతో వెనక్కి రాలేదు. ఒక స్ప్రింగ్ దాన్ని నెడుతుంది, ఒక సన్నటి గుడ్డపట్టీ వెనక్కి లాగుతుంది. ఆ పట్టీ ఏర్పాటు లండన్‌లో పియానోలు చేసిన రాబర్ట్ వోర్నమ్ 1842లో తీసుకున్న పేటెంట్‌తో పేరుకెక్కింది. తర్వాత ఫ్రెంచి తయారీదారుల చేతుల్లో ఊరూరా పాకింది.

అప్‌రైట్‌లో సుత్తిని తోసేది జాక్, నిలువుగా ఉండే చిన్న చెక్కముక్క. సుత్తి అడుగుభాగంలో చిన్న మెట్టులాంటి చెక్కుడు ఉంటుంది. జాక్ తల దానికింద దూరి పైకి తోస్తుంది. సుత్తి తీగకు రెండు మూడు మిల్లీమీటర్ల దూరంలోకి రాగానే జాక్ పక్కకు తప్పుకోవాలి. తప్పుకోకపోతే సుత్తి తీగకే అదిమి ఉండిపోయి మోగాల్సిన స్వరం నోరు నొక్కేసినట్టవుతుంది. అలా పక్కకు తప్పుకున్న జాక్ మళ్లీ మెట్టుకింద దూరితేగాని రెండోసారి కొట్టడం కుదరదు. దూరాలంటే పైన చోటు కావాలి. సుత్తి జాక్ నెత్తిమీదే కూర్చుని ఉంటే చోటెక్కడిది? కాబట్టి సుత్తి జాక్ మీద కాకుండా వేరే దేనిమీదో ఆనాలి. ఆ వేరేదే రైలు. అప్‌రైట్‌లో క్యాప్‌స్టన్ స్క్రూ ఎక్కువ ఎత్తులో ఉంటే సుత్తి రైలును వదిలి జాక్ మీదికి వస్తుంది. అప్పుడు ఒకసారి మోగిన స్వరం రెండోసారి మోగదు. జాక్ బయటే చిక్కుకుపోతుంది. స్క్రూ మరీ తక్కువగా ఉన్నా తిప్పలే, వేలికింద ఖాళీ వస్తుంది. సుత్తి రైలుకు ఆని ఉండాలి, మీట కదిలీ కదలగానే సుత్తి కదలాలి. ఈ రెండిటి మధ్య ఉన్న సందు కాగితం మందమే.

అయితే గ్రాండ్‌లోనూ జాక్ ఉంది. అదీ పక్కకు తప్పుకుంటుంది, అదీ తిరిగి దూరాలి. అక్కడ సుత్తి రైలుకు ఆనకుండానే జాక్ ఎలా ఇల్లు చేరుతోంది? నా దృష్టిలో మొత్తం చిక్కుముడికి మూలం ఈ ప్రశ్నే.

దీనికి జవాబు 1821లో ఉంది. సెబాస్టియన్ ఎరార్డ్ 1752లో స్ట్రాస్‌బూర్గ్‌లో పుట్టాడు. పారిస్‌లో వాద్యాలు చేసి పేరు తెచ్చుకున్నాడు. ఫ్రెంచి విప్లవం రోజుల్లో లండన్ చేరి అక్కడా కర్మాగారం పెట్టాడు. పెడల్ హార్ప్‌ను ఇప్పుడున్న రూపానికి తెచ్చిన చేయి కూడా అతనిదే. 1821లో అతని అన్న కొడుకు పియర్ పేరుమీద లండన్‌లో ఒక పేటెంట్ నమోదైంది. అదే డబుల్ ఎస్కేప్‌మెంట్. అందులో ఎరార్డ్ జాక్‌కు తోడుగా స్ప్రింగ్ మీద నిలిచే ఒక లివర్‌ను పెట్టాడు. లివర్ మధ్యలో సన్నటి చీలిక, ఆ చీలికలో జాక్ తల. సుత్తి కూర్చునేది లివర్ మీద. జాక్ తల లివర్ పైతలం కన్నా రవ్వంత కిందే ఉంటుంది. వేలితో తడిమితేగాని తెలియనంత తేడా.

ఇప్పుడు జాక్ బాధ తీరిపోయింది. బరువంతా లివర్ ఎత్తుకుంది కాబట్టి జాక్ తలమీద ఎప్పుడూ కాస్త చోటుంటుంది. సుత్తి తీగను కొట్టి కొంత దిగగానే బ్యాక్ చెక్ అనే తోలు కప్పిన అడ్డు దాన్ని పట్టుకుంటుంది. వేలు కొంచెం పైకి లేస్తే చాలు, పట్టు వదులుతుంది. స్ప్రింగ్ లివర్‌ను, లివర్ సుత్తిని కాస్త పైకెత్తుతాయి. ఆ క్షణంలో జాక్ చడీచప్పుడు లేకుండా నకిల్ కింద దూరిపోతుంది. మీట పూర్తిగా పైకి రాకముందే అదే స్వరాన్ని మళ్లీ కొట్టొచ్చు. అప్‌రైట్‌లో ఇది కుదరదు, మీట చాలావరకు పైకి రావాల్సిందే. 1824లో పన్నెండేళ్ల పియానిస్టు లిస్ట్ పారిస్‌లో ఎరార్డ్ పియానోల మీద కచేరీలు చేస్తున్నప్పుడు అతని వేళ్లకింద ఉన్నది ఈ కొత్త ఏర్పాటే. తర్వాత పియానోలు కూడా చేసిన వాద్యకారుడు హెన్రీ హెర్జ్ దాన్ని మరికాస్త సులువు చేశాడు. ఇప్పటి గ్రాండ్ పియానోలన్నీ ఆ వంశానివే.

కాబట్టి సంగతి ఇదీ: అప్‌రైట్‌లో రైలు చేస్తున్న పనుల్లో ఒకదాన్ని, అంటే సుత్తికి జాక్‌తో సంబంధం లేని ఆసరా ఇవ్వడాన్ని, గ్రాండ్‌లో లివర్ తీసుకుంది. దాంతో సుత్తి బరువు రైలును వదిలి వేలికి చేరింది. ఎరార్డ్ కల్పన గురించి మాట్లాడేటప్పుడు అందరూ వేగాన్నే పొగుడుతారు. నాకు మాత్రం ఈ బరువు చేతులు మారడమే అంతకన్నా పెద్ద సంగతి అనిపిస్తుంది. సుత్తి ఎక్కడుందో వేలికి ఎప్పుడూ తెలుస్తూనే ఉంటుంది. మెల్లగా, ఊపిరంత మెల్లగా వాయించాలన్నప్పుడు వాద్యకారుడు నమ్ముకునేది దాన్నే.

ఒక పని పోయింది సరే, మిగిలిన పనేమిటి? దానికి సాక్ష్యం రైలు మీది ఫెల్టే ఇస్తుంది. బాగా వాడిన గ్రాండ్ పియానోలో సుత్తులు, విప్పెన్‌లు అమర్చిన భాగాన్ని, అంటే యాక్షన్‌ను, ముందుకు లాగి బల్లమీద పెట్టి, సుత్తుల్ని పైకెత్తి కింద చూడండి. ఫెల్ట్ మీద కాడల వెడల్పున నునుపు తేలిన గుంటలుంటాయి. రెండు చివర్లా లీలగా, మధ్యస్థాయిలో లోతుగా. ఎప్పుడూ తగలని కాడలకు గుంటలెక్కడివి? ఏదో ఒక క్షణంలో తగులుతున్నాయన్నమాట. ఆ క్షణం ఏదో యాక్షన్‌ను తిరిగి తీగల కిందికి తోశాక చూడొచ్చు. ఒక మీటను మామూలుగా కొట్టి అలాగే నొక్కి పట్టుకుంటే సుత్తి లేస్తుంది, దిగుతుంది, బ్యాక్ చెక్ పట్టుకుంటుంది, రైలు జోలికే రాదు. ఈసారి అదే మీటను చురుగ్గా, వేడి పెనాన్ని తాకి తీసినంత వేగంగా కొట్టి వదలండి. సుత్తి తిరిగి వచ్చేలోపే మీట లేచిపోతోంది, బ్యాక్ చెక్ పక్కకు జరిగిపోతోంది. పట్టుకునేవాళ్లు లేక సుత్తి తన ఊపంతా తీసుకుని లివర్ మీద పడుతుంది. లివర్ నిలిచింది స్ప్రింగ్ మీద కదా, అణుగుతుంది. జాక్ ఇంకా చోటికి రాలేదు, కాబట్టి అదీ అడ్డుకోదు. సుత్తి తన మామూలు చోటుకన్నా కిందికి దిగి, కాడ వెళ్లి మెత్తగా రైలుకు తగులుతుంది. వెంటనే తేరుకుని పైకి వస్తుంది.

రైలే లేకపోతే రెండు చిక్కులు. సుత్తి ఇంకా లోతుకు దిగితే జాక్ దారికి నకిల్ అడ్డంపడుతుంది. ఆ దిగిన ఊపుతో అణిగిన స్ప్రింగ్ సుత్తిని పైకి విసిరితే అది అక్కడే ఎగిరెగిరి పడుతుంది, కొన్నిసార్లు అడగకుండానే తీగను మళ్లీ తాకుతుంది. ఫెల్ట్ ఆ ఊపును మింగేస్తుంది. అందుకే ఆ రైలుకు, కాడకు మధ్య ఉంచే ఎడం సామాన్యంగా మూడు మిల్లీమీటర్ల ప్రాంతం. ఎక్కువైతే సుత్తిని పట్టడం ఆలస్యమవుతుంది, తక్కువైతే కొద్దిగా ఫెల్ట్ ఉబ్బినా, మీటలకింద ఫెల్ట్ అణిగినా కాడ ఆనుతుంది. కొందరు తయారీదారులు పొడవాటి రైలు మానేసి, ఒక్కో విప్పెన్ మీద ఒక్కో చిన్న ఫెల్ట్ దిండు అంటించారు. రూపం మారినా పని అదే. ఊరకుండే సుత్తికి ఆసరా కాదు, ఊపుమీద వచ్చే సుత్తికి అడ్డు. రైలుకు ఇంకో చిన్న పని కూడా ఉంది. మరమ్మతుకోసం యాక్షన్‌ను మీటల నుంచి విడదీసి ఎత్తితే విప్పెన్‌ల కింద స్క్రూలుండవు, అవన్నీ వేలాడిపోతాయి. అప్పుడు సుత్తులు కిందికి జారి రైలు మీదే వాలతాయి. కాడలు విరగకుండా కాపాడేది అదే.

ఇక్కడితో ముడి దాదాపు విడిపోయింది. కానీ ఇంకా వెనక్కి వెళ్తే ఈ అవసరం పియానోతోపాటే పుట్టిందని తెలుస్తుంది. ఫ్లారెన్స్‌లో మెదిచీ రాకుమారుడి కొలువులో వాద్యాలు చూసుకున్న బార్తలోమియో క్రిస్తోఫోరి చేసిన కొత్త వాద్యం 1700 నాటి ఆస్తుల జాబితాలో మొదటిసారి కనిపిస్తుంది. 1711లో షిపియోనె మాఫెయి ఆ వాద్యం పనితీరును బొమ్మతో సహా ఒక ఇటాలియన్ పత్రికలో వివరించాడు. అందులో కొట్టి వెనక్కి వచ్చే సుత్తి కూర్చోవడానికి ఒక ఏర్పాటుంది, ఒకదానికొకటి అడ్డంగా అల్లిన పట్టుదారాలు. సుత్తి వాటిమీద పడి చప్పుడు కాకుండా ఆగుతుంది. మనం వెతుకుతున్న రైలుకు తొలి రూపం ఆ పట్టుదారాలే. క్రిస్తోఫోరి చేసిన పియానోల్లో మూడే మిగిలాయి. 1720 నాటిది న్యూయార్క్‌లో, 1722 నాటిది రోమ్‌లో, 1726 నాటిది లైప్‌జిగ్‌లో ఉన్నాయి. వాటిలో సుత్తిని పట్టుకునే బ్యాక్ చెక్ వచ్చి చేరింది. అంటే ఆయన పదేళ్లూ అంతకుపైనా అదే ప్రశ్న చుట్టూ తిరిగాడు. ఎగిరి వెళ్లిన సుత్తిని చప్పుడు లేకుండా, ఎగరకుండా, మళ్లీ సిద్ధంగా ఉండేలా ఎలా దించాలి? తీగను కొట్టడం సుత్తికి చిన్న పనే, ఇంటికి రావడమే పెద్ద పని అని ఆ మనిషికి మొదటినుంచీ తెలుసు.

ఇక ఎడమ పెడల్ ఒక్కటే మిగిలింది. ఇప్పటిదాకా చెప్పుకున్నదంతా నిజమేనా అని పరీక్ష పెట్టుకోవడానికి అదే పనికొస్తుంది. అప్‌రైట్‌లో ఆ పెడల్ తొక్కితే రైలు మొత్తం సుత్తుల్ని మోసుకుని తీగలవైపు జరుగుతుంది. ప్రయాణం దాదాపు సగమవుతుంది, దెబ్బ మెత్తబడుతుంది. ఇక్కడ సుత్తులు రైలుమీద ఉన్నాయి కాబట్టే రైలును జరిపి సుత్తుల్ని జరపగలిగారు. కానీ మీటలు, జాక్‌లు ఉన్నచోటే ఉంటాయి. సుత్తులు దూరం జరిగిపోగా మధ్యలో ఖాళీ ఏర్పడుతుంది. పెడల్ తొక్కి ఒక మీటను మెల్లగా దించి చూస్తే మొదటి కొంత దూరం వేలికి ఏమీ తగలదు. ఆ ఖాళీని పూడ్చే అదనపు ఏర్పాట్లు కొన్ని పాత అమెరికన్ అప్‌రైట్‌లలో ఉండేవి.

గ్రాండ్‌లో మామూలుగా ఆ పెడల్ రైలును ముట్టుకోదు. మీటలతో సహా యాక్షన్ మొత్తాన్ని పక్కకు జరుపుతుంది. సుత్తి మూడు తీగలకు బదులు రెండింటినే కొడుతుంది, ఫెల్ట్‌లో అంతగా నలగని భాగం తగిలి నాదం రంగు మారుతుంది. అయితే ఇటలీలో తయారయ్యే ఫాజియోలి వారి 308 సెంటీమీటర్ల పెద్ద పియానోకు నాలుగో పెడల్ ఒకటుంది. అది సుత్తుల్ని తీగలకు దగ్గరగా తెస్తుంది, నాదం రంగు మారకుండా ధ్వని మాత్రమే తగ్గుతుంది. తొక్కినప్పుడు మీటల ముందుకొసలు కూడా కొంచెం దిగుతాయి. అది లోపమేమీ కాదు. గ్రాండ్‌లో సుత్తి బరువు మీట వెనక కొసమీద ఉంది కాబట్టి, వేలికి పట్టు తెగకుండా సుత్తిని పైకి లేపాలంటే మీట కూడా దాంతోపాటు కదలాలి. అప్‌రైట్‌లో రైలు కదిలితే తెగిపోయే దారం ఇక్కడ తెగలేదు. బరువు ఎవరు మోస్తున్నారన్న ప్రశ్నకు ఇంతకన్నా స్పష్టమైన రుజువు నాకు దొరకలేదు.

ఇది తెలిశాక పాత గ్రాండ్‌లో కాడలన్నీ రైలును ముద్దాడుతూ కనిపిస్తే ఎక్కడ చేయిపెట్టాలో తెలుస్తుంది. ఏళ్ల తరబడి వాయించగా మీట వెనక కొసలకింద ఫెల్ట్, విప్పెన్ మడమల కింద గుడ్డ అణిగిపోతాయి. మీట వెనక కొస దిగుతుంది, దాంతో విప్పెన్, లివర్, చివరికి సుత్తి అన్నీ కొద్దికొద్దిగా దిగుతాయి. రైలు మాత్రం స్థిరంగా ఉంటుంది, కాబట్టి తప్పు దానిదిగా కనిపిస్తుంది. రైలును రెండు మిల్లీమీటర్లు కిందికి దించడం తేలిక, ఐదు నిమిషాల పని. కాడలకు ఎడం వస్తుంది, కంటికి బాగుపడినట్టే ఉంటుంది. కానీ సుత్తులింకా తీగకు దూరంగానే ఉన్నాయి. వేలు దిగే దూరం మాత్రం అందుకు తగ్గట్టు పెరగలేదు. ఆ వేలు అంత దూరాన్ని దాటించలేక, సుత్తి బ్యాక్ చెక్‌కు దొరకకుండా జారిపోతుంటుంది. చేయాల్సింది ముందు అణిగిన ఫెల్ట్ మార్చడం. తర్వాత ప్రతి స్వరానికీ క్యాప్‌స్టన్ స్క్రూను తిప్పుతూ, 88 సుత్తుల్నీ ఒక్కొక్కటిగా తీగకు సుమారు 45 మిల్లీమీటర్ల దూరానికి తేవడం. అప్పుడు కాడల కింద రైలు ఎడం చూసుకోవాలి, ఇంకా తగులుతుంటే అప్పుడు మాత్రమే రైలును ముట్టుకోవాలి.